సైన్యానికి ఓటు లేదు

పాపకు చదువు చెవిలోంచి ఎక్కాలి. కళ్ళతో చదివితే నిలవదు. చిన్నప్పటి నుంచీ అంతే. పుస్తకం పట్టుకుని వంటింట్లోకి వచ్చి, గట్టు మీద కూర్చుని, పాఠమంతా నాకు చెప్పేది. ఉన్నది ఇంగ్లీషు పుస్తకం, నాకు చెప్పేది తెలుగులో. నేను బెండకాయలు తరుగుతూనో చపాతీ పిండి కలుపుతూనో విని, మళ్ళీ ఆమెకు అప్పజెప్పాలి. నేను తప్పు చెబితే దిద్దేది. అలా దిద్దిందంటే ఆ పాఠం ఆమెకు వచ్చేసినట్టే. రాయచోటి దగ్గర మా పల్లెలో నేను ఐదో తరగతి దాటలేదు. కానీ విన్నది మాత్రం నాలోంచి పోదు. కువైట్‌లోని ఫింటాస్‌లో ఆ నాలుగో అంతస్తు వంటింట్లోనే నాకు వానపాము గుండెల సంగతి తెలిసింది, చంద్రుడికి సొంత వెలుగు లేదనీ తెలిసింది.

పాపను నేను ఎత్తుకునేటప్పటికి ఇంకా పాకుతోంది. సార్ ఇంజనీరు, మేడం బ్యాంకులో ఉద్యోగం. ఇద్దరిదీ విజయవాడ. సార్ వాళ్ళమ్మ కూడా ఆ ఇంట్లోనే ఉండేది. ఆమెను నేను పెద్దమ్మా అనేదాన్ని. నన్ను కువైట్‌లో ఉండనిచ్చే కాగితం, ఇఖామా, సార్ పేరు మీదే ఉండేది. అంటే వాళ్ళు కువైట్‌లో ఉన్నంతకాలమే నేను ఆ ఇంట్లో.

పాప పదో తరగతిలో ఉన్నప్పుడు, పరీక్షలు దగ్గరపడ్డ రోజుల్లో ఒక పాఠం చెప్పింది.

"అత్తా, పెద్ద యుద్ధం అయిపోయింది. జర్మనీ ఓడిపోయింది. ఒప్పందం రాసి సంతకాలు చేయించుకున్నారు. కానీ సరిహద్దులో కొన్ని ఊళ్ళున్నాయి. సగం మందిది ఒక భాష, సగం మందిది ఇంకోటి. వాటిని ఏ దేశానికివ్వాలి?"

"ఎవురికిచ్చినా రెండోవాళ్ళు ఊరుకుంటారా?"

"ఊరుకోరు. అందుకని జనాన్నే అడుగుదామనుకున్నారు, ఓటు పెట్టి. దాన్ని ప్లెబిసైట్ అంటారు. అను."

"నాకు నోరు తిరగదు నాయనా. ఓటనే చెప్తా, మార్కులు తీసేసుకో."

పాప నవ్వి కాళ్ళు ఊపుకుంటూ చెప్పుకుపోయింది. ఓటు వేసేచోట జర్మనీ సైన్యం నిలబడితే జనం భయపడతారు. అవతలి దేశం సైన్యం నిలబడినా అంతే. కాబట్టి రెండు పక్షాల వాళ్ళనూ ఊళ్ళు ఖాళీ చేయమన్నారు. రైన్ అని ఒక నది ఉంది. దాని ఒడ్డున గెలిచిన దేశాల సైన్యం కాపలా కాస్తోంది. అందులోంచి కొన్ని దళాలను రైళ్ళెక్కించి ఈ ఊళ్ళకు పంపారు. ఓటు అయ్యేదాకా వాళ్ళు అక్కడే ఉండాలి, ఎవరి పక్షానా మాట్లాడకూడదు.

"వాళ్ళకు ఆ ఊరి మాట వచ్చునా?" అని అడిగాను.

"పుస్తకంలో లేదు."

"యాడ తిన్నారు? యాడ పండుకున్నారు?"

"అదీ లేదు."

"మరి ఓటయినాక?"

"వెళ్ళిపోయారు. అయిపోయింది. నువ్వు ఉన్న పాఠం అప్పజెప్పు అత్తా, లేనిది అడక్కు."

అప్పజెప్పాను. కానీ ఆ లేనిదే నన్ను పట్టుకుంది.

వంటింటి పక్కనే నా గది, చిన్నది. గోడకు అవతల బట్టలుతికే మిషన్. మధ్యాహ్నం నడుం వాలిస్తే ఆ మిషన్ చప్పుడు నెమ్మదిగా రైలు చప్పుడయ్యేది. నేను చూడని మంచు, నేను చూడని చెట్లు. రైల్లో సైనికులు ఒకరి భుజం మీద ఒకరు తల పెట్టి నిద్రపోతున్నారు. తడిసిన ఉన్ని కోటు వాసన నాకెలా తెలిసిందో తెలియదు, కానీ తెలిసేది. రైలు ఆగుతుంది. ఆ ఊరి జనం కిటికీ తెరల వెనకనుంచి చూస్తారు. ఒక సైనికుడు ఎవరి వాకిట్లోనో నిలబడి నీళ్ళు కావాలని చేత్తో సైగ చేస్తాడు. లోపలినుంచి ఒక ముసలామె చెంబుతో వస్తుంది. ఆమె ముఖం ఒకసారి మా అమ్మలా ఉండేది, ఒకసారి పెద్దమ్మలా ఉండేది. వాడు నీళ్ళు తాగి ఆ ఊరి పేరేమిటని అడుగుతాడు. ఆమె చెప్పబోతుంది. అంతలో మిషన్ ఆగిపోయేది, నాకు మెలకువ వచ్చేది. కిటికీలో రెండు మేడల మధ్య ఇంత సన్నని సముద్రం, ఎండకు తెల్లగా కాలుతూ.

ఆ రోజుల్లోనే ఇంట్లో గొడవ మొదలైంది. హైదరాబాదులో సార్‌కు మంచి ఉద్యోగం వస్తానంది. ఇక కువైట్ వదిలి వెళ్ళిపోదామని సార్. మేడం ఒప్పుకోలేదు. బ్యాంకులో కింది కుర్చీ నుంచి పైకి వచ్చిన మనిషి, ఇప్పుడు అంతా వదిలి మళ్ళీ మొదటినుంచీ ఎక్కడ మొదలుపెట్టాలి అనేది.

"ఏవండీ, మీ ఉద్యోగం ఉద్యోగం, నాది కాలక్షేపమా?"

"నేనలా అన్నానా? అన్నానా అని అడుగుతున్నాను."

"అనక్కర్లేదు. ముఖంలో కనిపిస్తోంది."

కొన్నాళ్ళకు ఆ మాటలు కూడా ఆగిపోయాయి. అవే నయమనిపించింది. సార్ హాల్లో తింటే మేడం వంటింట్లో తినేది. "అక్కా, ఆయనకు పెరుగు కావాలేమో అడుగు" అని మేడం నాతో అనేది, సార్ మూడు అడుగుల దూరంలోనే ఉండేవాడు. సార్ కూడా నాతోనే చెప్పేవాడు, "వద్దని చెప్పమ్మా" అని. వాళ్ళిద్దరి మధ్యా నేను పెరుగు గిన్నె పట్టుకుని నిలబడేదాన్ని.

ఇది చాలదన్నట్టు ఇద్దరూ లోలోపల పక్షాలు కట్టడం మొదలుపెట్టారు. సార్ వాళ్ళమ్మ గదిలోకి పోయి, గుంటూరులో ఆమె చెల్లెలు ఎంత దగ్గరవుతుందో చెప్పేవాడు. మేడం పాపను ఎగైలాలోని మాల్‌కు తీసుకుపోయి కొత్త బూట్లు కొనిపెట్టేది. పెద్దమ్మకు అన్నీ తెలుసు.

"వాడు వచ్చి చెల్లెలంటాడు, అది వచ్చి కాలు నొప్పికి ఇక్కడ డాక్టర్లు మంచివాళ్ళంటుంది. ఇన్నేళ్ళకు నేనింత ముద్దొచ్చాను చూడవే పిల్లా" అని నాతో అని నోరు మూసుకుని నవ్వేది.

ఒక సాయంత్రం అందరూ హాల్లో ఉండగా పాప లేచి నిలబడింది. కొత్త బూట్లు కాళ్ళకే ఉన్నాయి.

"ఓటు పెడదాం" అంది. "మా పాఠంలోలాగా. గెలిచినదానికి అందరూ ఒప్పుకోవాలి. ఆ తర్వాత ఎవ్వరూ ముఖం ముడుచుకోకూడదు."

సార్ చాలా రోజుల తర్వాత నవ్వాడు. మేడం అతని వైపు చూడకుండా "నాకు సమ్మతమే" అంది. పెద్దమ్మ చేతులు చరిచింది.

అలా ఆ ఇంట్లో ఒప్పందం కుదిరింది. శుక్రవారం పొద్దున ఓటు. అందాకా ఎవరూ ఎవరి గదిలోకీ వెళ్ళి ఈ మాట ఎత్తకూడదు. నలుగురికీ తలా ఒక ఓటు. సరిసమానంగా వస్తే ఉన్నచోటే ఉండిపోవాలి. చీటీలు రాస్తే ఎవరి చేతిరాతో తెలిసిపోతుందని పెద్దమ్మ గింజలు వేయమంది. వెళ్ళిపోదామనేవాళ్ళు కాబూలీ శనగ, ఉందామనేవాళ్ళు కందిపప్పు బద్ద. వంటింట్లో ఖాళీ పాలపొడి డబ్బా పెడతాం. ఒక్కొక్కరే వెళ్ళి వేసి రావాలి.

"డబ్బా దగ్గర కాపలా ఎవరు?" అన్నాడు సార్ పాపతో. "మీ అమ్మ రెండేసి వేసినా వేస్తుంది."

"మీరు మూడు వేస్తారు" అంది మేడం. అది చాలా రోజులకు ఆమె అతనితో నేరుగా అన్న మొదటి మాట. అందరం విన్నాం, విననట్టు ఊరుకున్నాం.

"అత్త ఉంటుంది" అంది పాప. "అత్తే సైన్యం. గోడవైపు తిరిగి నిలబడాలి, ఎవరేం వేశారో చూడకూడదు."

"బానే ఉంది గానీ, దీనికి ఓటు లేదా ఏమిటే?" అంది పెద్దమ్మ. "నిన్ను ఎత్తి పెంచింది ఇదేగా. మనం పోతే దీని గతేంటి?"

అంతా నావైపు చూశారు. నేను చేతిలో ఉన్న గుడ్డను మడత పెట్టాను.

పాప ముఖం ఎర్రబడింది. "సైన్యానికి ఓటుండదు నానమ్మా. ఉంటే అది ఒక పక్షం అయిపోతుంది" అంది, మెల్లగా.

"పాప చెప్పింది నిజమే పెద్దమ్మా" అన్నాను. "పాఠంలో అట్లనే ఉండాది."

నిజంగానే అలా అన్నాను. కానీ ఆ రాత్రంతా గుండెలో ఏదో తడి ఉన్ని కోటులా బరువుగా వేలాడింది. వాళ్ళు వెళ్ళిపోతే నేను నా ఇఖామాకు పూచీ ఉండే ఇంకో కఫీల్‌ను వెతుక్కోవాలి, ఇంకో ఇంటికి పోవాలి. అది చేయగలను. ఎంతమంది చేయడం లేదు? చేయలేనిది ఒక్కటే. పొద్దున్నే ఆ పిల్ల తల దువ్వకుండా ఉండడం. వాళ్ళు ఉండాలనే నేను కోరుకున్నాను. దేవుడి ముందు కూడా అదే అన్నాను. మళ్ళీ, కాపలా మనిషి అలా కోరుకోవచ్చా అని నాలో నేనే అడుక్కున్నాను.

గురువారం సాయంత్రం పాప, నేను సముద్రం ఒడ్డుకు నడకకు వెళ్ళాం. ఓటు మాట ఎత్తకూడదు కదా, వేరే మాటలు చెప్పుకున్నాం. ఆ పాఠంలో ఇంకో సంగతి ఉందని చెప్పింది పాప. ఆ ఊళ్ళలో పుట్టి ఎక్కడికో వెళ్ళిపోయినవాళ్ళు కూడా తిరిగి వచ్చి ఓటు వేయవచ్చట. రైళ్ళ నిండా వచ్చారట.

"పుట్టినచోటు మీద అంత హక్కు ఉంటుందా అత్తా?"

"ఉంటుంది గదా. యాడ పుట్టినామో ఆడిదే గాలి."

"నేను ఇక్కడ పుట్టాను. కానీ ఎప్పటికైనా ఇక్కణ్ణుంచి పోవాల్సినదాన్నే. విజయవాడలో పుట్టలేదు. అక్కడికి వెళ్తే కువైట్ పిల్ల అంటారు. నేను ఏ రైలెక్కాలి?"

అలల మీద దూరంగా ఒక ఓడ కదులుతోందో ఆగి ఉందో తెలియడం లేదు. కువైటీ పిల్లలు గాలిపటం ఎగరేస్తున్నారు. పాప నా చెయ్యి పట్టుకుని నడిచింది, చిన్నప్పటిలాగా, వేళ్ళు పట్టుకోకుండా మణికట్టు పట్టుకుని.

శుక్రవారం లేచేసరికి దుమ్ము లేచి ఉంది. కువైట్‌లో ఉన్నవాళ్ళకు తెలుసు ఆ పొద్దులు ఎలా ఉంటాయో. ఆకాశం, రోడ్డు, ఎదుటి మేడ, అన్నీ పసుపు నీళ్ళలో ముంచి తీసినట్టు. సముద్రం లేదు. కిటికీ సందుల్లో తడి తువ్వాళ్ళు కుక్కాను. వంటింట్లో లైటు వేసినా గది నారింజ రంగులోనే ఉండిపోయింది. గట్టు మీద రెండు గిన్నెలు, ఒకదానిలో శనగలు, ఒకదానిలో కందిపప్పు. మధ్యలో పాలపొడి డబ్బా, మూతకు పాప కోసిన చిన్న సందు. నేను గోడవైపు తిరిగి నిలబడ్డాను. నా ముందు తెల్లటి పింగాణీ పలకలు. వాటి మీద నా నీడ కూడా సరిగా పడడం లేదు. వంటింట్లో నిలబడి ఉన్నానో, ఆ మంచు ఊళ్ళో ఎవరి వాకిట్లోనో ఉన్నానో నాకే తెలియని పొద్దు అది.

మొదట పెద్దమ్మ వచ్చింది. కాలీడ్చుకుంటూ వచ్చిన చప్పుడు. "తిరక్కు పిల్లా, తిరిగితే యుద్ధఖైదీని చేస్తాను" అంది. తర్వాత డబ్బాలో 'టంగ్' మంది.

అప్పుడు తెలిసింది నాకు, మేమంతా ఒక సంగతి మరిచిపోయామని. కళ్ళు గోడవైపు తిప్పారు గానీ, చెవులు ఎక్కడికి తిప్పగలరు? పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ డబ్బాల్లో పప్పులు పోసే చేతులు నావి. గింజ రేకు మీద పడితే ఏ గింజో నాకు చెప్పక్కర్లేదు. కాబూలీ శనగ లావుగా పడి ఒకసారి దొర్లుతుంది. కంది బద్ద 'టిక్'మని పడి అక్కడే అతుక్కుంటుంది. పెద్దమ్మ వేసింది శనగ.

చెవులు మూసుకోవాలి నేను. మూసుకోబోయి, కాపలా మనిషి చెవులు మూసుకుని నిలబడితే ఎలా అనుకున్నాను. అంతలోనే మేడం వచ్చింది. ఆమె గాజుల చప్పుడు తెలుస్తూనే ఉంది. ఆ గాజులు ఒక గిన్నె మీంచి ఇంకో గిన్నె మీదికి, మళ్ళీ వెనక్కి మళ్ళాయి. తర్వాత 'టంగ్'మని, దొర్లింది.

నేను పొరబడ్డానేమో అనుకున్నాను. ఉందామని ఇంత పోట్లాడిన మనిషి. కానీ ఆ దొర్లడం అబద్ధం చెప్పదు. ఆమె వెళ్తూ వెళ్తూ "అక్కా, కాళ్ళు నొప్పి పుడుతున్నాయేమో, స్టూలు వేసుకో" అంది.

తర్వాత సార్. గిన్నెల్లో వేళ్ళు పెట్టి కదిపాడు. చిన్నగా దగ్గాడు. 'టిక్'.

అతను వేసింది కంది బద్ద. వెళ్దామన్న మనిషి ఉందామని వేశాడు. ఒకళ్ళకు తెలియకుండా ఒకళ్ళు, ఎవరి పట్టు వాళ్ళు రెండోవాళ్ళ కోసం వదిలేసుకున్నారు. ఆ సంగతి ఈ భూమ్మీద నాకొక్కదానికే తెలుసు. నా కళ్ళ ముందు పింగాణీ పలకలు నీళ్ళలో కదిలినట్టు కదిలాయి.

చివర పాప. అప్పటికి రెండు శనగలు, ఒక బద్ద. పాప బద్ద వేస్తే సమానం. సమానమైతే ఉండిపోతారు. బూట్లు నేల మీద కిర్రుమన్నాయి. పాప గిన్నెలోంచి ఏదో తీసింది, మళ్ళీ వేసేసింది. మళ్ళీ తీసింది. తర్వాత నా వెనకకు వచ్చి నా వీపు మీద నుదురు ఆనించింది. నేను తిరగలేదు. వెచ్చని ఊపిరి నా జాకెట్టు మీద పడుతోంది. వెనక్కి వెళ్ళింది.

'టంగ్'మంది. దొర్లింది.

హాల్లో బల్ల మీద పెద్దమ్మ డబ్బా బోర్లించింది. మూడు శనగలు, ఒక కంది బద్ద. వెళ్ళిపోవాలి. పాప గింజలు చూసి తన గదిలోకి వెళ్ళిపోయింది. సార్ ఆ ఒక్క బద్ద వైపు చూస్తూ ఉండిపోయాడు. అది తనదే. మిగిలినవి మూడూ శనగలంటే, అందులో ఒకటి మేడందే అయి ఉండాలి. ఆ లెక్క అతని ముఖంలో మెల్లగా తెల్లవారడం నేను చూశాను. తలెత్తి ఆమెను చూశాడు.

"నువ్వు..." అన్నాడు.

"ఏం? ఒప్పుకున్నాం కదా, ముఖం ముడుచుకోకూడదని" అంది మేడం. అంతలో ఆమెకూ అర్థమైంది. అతను ఆ బద్దను వేలితో ఆమె వైపు జరిపాడు. ఆమె చూసి, రెండు చేతులతో ముఖం కప్పుకుంది. సార్ లేచి వెళ్ళి ఆమె కుర్చీ పక్కన నిలబడ్డాడు, ఏం చేయాలో తెలియని చేతులతో.

"ఖలాస్" అంది పెద్దమ్మ. "యుద్ధం అయిపోయింది. పిల్లా, టీ పెట్టు. అందరికీ ఒకే గిన్నెలో పెట్టు."

టీ పెట్టాను. ఏడ్పు వచ్చింది గానీ, అల్లం దంచే చప్పుడులో కలిసిపోయింది.

ఆ తర్వాత అంతా తొందర తొందరగా జరిగింది. పాప పరీక్షలు, సామాన్లు, అట్టపెట్టెలు. నన్ను దిక్కులేకుండా వదలలేదు వాళ్ళు. మేడం బ్యాంకులో తెలిసినామె ద్వారా ఎగైలాలో ఒక కువైటీ ఇల్లు చూశారు. సార్ తనే దగ్గరుండి నా ఇఖామా ఆ ఇంటి కఫీల్ పేరుకు మార్పించాడు. ఇప్పుడు నేనున్నది ఆ ఇంట్లోనే. ఇక్కడి ఇంటావిడ మంచిదే, ఆమెను మామా అంటాను. "యల్లా యల్లా" అని తొందరపెడుతుంది గానీ కోపంతో కాదు.

సామాన్లు ఓడకు వెళ్ళిపోయాక, ఖాళీ ఇంట్లో మాట మారుమోగుతుంటే ఉండలేక, పాప నన్ను మళ్ళీ సముద్రం ఒడ్డుకు తీసుకుపోయింది. ఆ సాయంత్రం గాలి లేదు. నీళ్ళు నూనెలా ఉన్నాయి. ఇద్దరం సిమెంటు గట్టు మీద కూర్చున్నాం. పాప చాలాసేపు తన బూట్లనే చూసుకుంది.

"అత్తా."

"చెప్పు."

"ఆ ఒక్క కందిపప్పు నాదే."

నీళ్ళ వైపు చూస్తూ అంది. చెప్పి, పెదవి పంటి కింద పెట్టుకుంది. ఆమె ఓటు ఏదో నేను వీపుతో విన్నాను, చెవితో విన్నాను. అది దొర్లిన దూరం కూడా నాకు తెలుసు. ఆమెకు ఒక ఊరు కావాలి, పెరగడానికి, రేపు ఎవరైనా మీదేవూరని అడిగితే చెప్పడానికి. నా ఒడి ఎంత పెద్దదైనా ఊరు కాలేదు. ఆ మాట ఆమెతో ఎలా అంటాను? అంటే, ఆ వంటింట్లో ఓటు రహస్యంగా జరగలేదని అన్నట్టు. నా కాపలా ఉత్తదేనని అన్నట్టు.

"నీదే గదా నాయనా" అన్నాను. "ఇంకెవురిది అవుతుంది?"

"నిజంగా నమ్ముతున్నావా?"

"ఏంది నమ్మేది, నాకు తెల్సు అంటాండా గదా."

పాప నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. నేను జడ విప్పి, వేళ్ళతోనే దువ్వి, మళ్ళీ అల్లాను. దువ్వెన సామాన్లలో వెళ్ళిపోయింది. జడ వదులుగా వచ్చింది. చీకటి పడుతుంటే ఆకలవుతోంది అంది పాప. సరే, లే, పోదాం అన్నాను.